చిల్లర ఖర్చుల కింద ఒక అడవి

పోయిన మాఘమాసంలో మా అన్నయ్య కొడుకు విశాఖపట్నంలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి రమ్మన్నాడు. కౌలాలంపూర్ నుంచి వెళ్లాను. గుమ్మానికి పసుపు రాసి మామిడి తోరణం కట్టారు. వాడు ఆ గుమ్మం మీద వేళ్లతో టకటకా కొట్టి, “బాబాయ్, మలేషియా సాల్! మీ దేశం సరుకే” అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా అక్కడ ఉంటున్నాను కాబట్టి అది నా దేశమైపోయింది, అక్కడి కలప నా సరుకైపోయింది.

భోజనాలకి అడ్డాకు విస్తళ్లు వేశారు. నా పక్కన కూర్చున్న బంధువు బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఆయన. “అసలు అడవి మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకూడదండీ. చుట్టూ కంచె కట్టి తాళం వేసెయ్యాలి” అన్నారు. ఎదురు వరసలో కలప డిపో నడిపే ఆయన ఉన్నారు. “భలేవారే! అడవంటే కలపండీ. మిగిలిందంతా చిల్లర సరుకు. తేనే కుంకుడుకాయలూ అమ్మితే ప్రభుత్వాలు నడుస్తాయా?” అని నవ్వారు. ఆ కలప గుమ్మం దాటి లోపలికొచ్చి, ఈ అడ్డాకులో పప్పన్నం కలుపుకుంటూ, ఇద్దరూ అడవి గురించి తీర్పు చెప్పేశారు. తాము తింటున్న ఆకు వంక మాత్రం ఇద్దరిలో ఎవరూ చూడలేదు. శుభకార్యం కదా అని నేనూ నోరు మెదపలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఇద్దరూ తప్పే చెప్పారు. పైగా ఇద్దరిదీ ఒకటే తప్పు. అడవిలో చెట్లుంటాయని ఇద్దరికీ తెలుసు. ఆ చెట్ల మధ్య బతికే మనిషి ఒకడుంటాడన్న సంగతే ఇద్దరి లెక్కలోనూ లేదు.

ముందు ఆకు సంగతి. మా నాన్నగారు పాడేరులో టీచరుగా చేసిన రోజుల్లో, సంత రోజున కొండ మీది నుంచి ఆడవాళ్లు అడ్డాకు కట్టలు నెత్తిన పెట్టుకుని దిగేవాళ్లు. అడ్డతీగ పెద్ద చెట్లకి ఎగబాకి, కొమ్మల మీద పందిరిలా పరుచుకునే తీగ. దాని ఆకు కొండవాళ్లకి రొక్కం, మనకి విస్తరి. అదే తీగ అటవీశాస్త్రం చదివినవాళ్లకి శత్రువు. చెట్టుని నొక్కేస్తుంది, కాండాన్ని వంకర చేస్తుంది, కలప విలువ తగ్గిస్తుంది. అందుకని తీగల్ని నరకటం అడవి పనుల్లో ఒక పనిగా రాసి ఉంటుంది. సంతలో సరుకైనది ఆఫీసులో కలుపు మొక్క.

ఇంకో మాట. మా వాడు గొప్పగా చెప్పిన సాల్ చెట్టుకి మన తెలుగు పేరు గుగ్గిలం. మనవాళ్లు ఆ చెట్టుని కలప పేరుతో కాక, అది కార్చే జిగురు పేరుతో పిలిచారు. మలేషియా సాల్ అని మన డిపోల్లో అమ్మే బలావ్ కూడా ఆ వంశం చెట్టే. ఆ కుటుంబం చెట్ల జిగురుని మలయాలో దమార్ అంటారు. అక్కడ కలపల్లోకెల్లా గట్టిదని పేరున్న చెంగాల్ చెట్టు నుంచి వచ్చే దమార్ పెనక్ మేలైన జిగుళ్లలో ఒకటి. అంటే చెట్టు ఒకటే, గిరాకీదార్లు ఇద్దరు. ఒకరు ఏటా గాటు పెట్టి జిగురు తీసుకునేవారు. రెండోవారు ఒక్కసారి రంపంతో వచ్చేవారు. పద్దు రాసేటప్పుడు రెండోవారి సరుకు పేరు ‘ప్రధాన అటవీ ఉత్పత్తి’. మొదటివారిది ‘చిన్నతరహా అటవీ ఉత్పత్తి’. మలేషియా చట్టంలోనూ ఇదే విభజన, భారతదేశంలోనూ ఇదే. ఎవరికి చిన్న, ఎవరికి పెద్ద అని ఏ చట్టమూ చెప్పదు.

ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. ఆ పద్దు రాసిన చేతుల్లో నాదీ ఒకటి. నేను 1993లో పహాంగ్ రాష్ట్రంలో ఒక కలప మిల్లుకి ఎకౌంటెంటుగా వెళ్లాను. నా బల్ల మీదికి వచ్చే కాగితాల్లో జాతి, చుట్టుకొలత, ఘనపు మీటర్లు, రాయల్టీ, లారీ నంబరు ఉండేవి. పేముకి గడి లేదు, తేనెకి లేదు, పెతాయ్ కాయకి లేదు. గడి లేనిది ఎకౌంటెంటుకి కనపడదు. నాకూ కనపడలేదు.

అక్కడ కలప నరికే పద్ధతి గురించి రెండు మాటలు చెప్పాలి. 1948లో మొదలైన మలయన్ యూనిఫాం సిస్టం కింద పనికొచ్చే పెద్ద చెట్లన్నీ ఒకేసారి నరికి, కలపకి పనికిరాని చెట్లకి మొదలు చుట్టూ గాటు పెట్టి సోడియం ఆర్సినైట్ అనే విషం పట్టించేవాళ్లు. కింది నుంచి మంచి జాతుల మొక్కలు లేచి అరవై డెబ్భై ఏళ్లలో రెండో పంట రావాలని లెక్క. ఆ రెండో పంట చాలాచోట్ల రానేలేదు. డెబ్భయ్యో దశకానికల్లా పల్లపు అడవుల్లో చాలా భాగం రబ్బరు తోటలూ పామాయిలు తోటలూ అయిపోయాయి. 1978 నుంచి సెలెక్టివ్ మేనేజ్‌మెంట్ సిస్టం వచ్చింది. ఛాతీ ఎత్తున డిప్టెరోకార్ప్ జాతి చెట్లయితే 50 సెంటీమీటర్లు, ఇతర జాతులైతే 45 సెంటీమీటర్ల మందం దాటినవే నరకాలి, ముప్ఫై ఏళ్లకోసారి మళ్లీ రావాలి. కాగితం మీద ఇది మంచి పద్ధతే. కాదనను. ఇందులో నరకటానికి ముందు ఏడాది చేసే ఒక పనుంది: తీగల్ని కొట్టెయ్యటం. చెట్లని తీగలు ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి కాబట్టి ఒకటి కూలితే నాలుగు లాక్కుపోతాయి. ముందే తీగ కోస్తే ఆ నష్టం తగ్గుతుంది. ఇదీ నిజమే.

కానీ పేము కూడా తీగే! రోతాన్ మనావ్ అనే లావుపాటి పేము కుర్చీల పరిశ్రమకి ప్రాణం. వంద మీటర్లు దాటి పెరిగిన తీగలున్నాయి. ఇది ఒంటి కాండం జాతి. ఒకసారి కోస్తే మళ్లీ చిగురించదు. రోతాన్ సెగా అనే సన్నపేము అలా కాదు. దుబ్బుగా లేస్తుంది, కోసిన చోట మళ్లీ వస్తుంది. రెంటికీ ఎగబాకటానికి చెట్టు కావాలి. చెట్టు పోతే నేల మీద పాకి చిక్కుపడుతుంది. ఈ తేడాలు తెలిసినవాడు ఏ తీగ ఎప్పుడు కోయాలో చెప్పగలడు. కత్తి పట్టుకుని రోజుకూలీకి వచ్చినవాడికి అన్నీ తీగలే.

1996లో ఒక జకున్ ఊరి పెద్ద మా ఆఫీసుకి వచ్చాడు. ఊరి పెద్దని అక్కడ తోక్ బతిన్ అంటారు. ఆయన చెప్పులు బయట విప్పి లోపలికొచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. “ఎన్చిక్, పై వాగు పక్క కూపులోకి మీ మనుషులు తీగలు కొట్టడానికి వస్తారట. మాకు రెండు నెలలు గడువివ్వండి. ముదిరిన పేము మేం తీసుకుంటాం. లేతవాటికి గుర్తు పెడతాం. ఒక తేనె చెట్టుంది, పెతాయ్ చెట్లు కొన్ని ఉన్నాయి. అవీ చూపిస్తాం” అన్నాడు.

ఆయన చెట్లు నరకొద్దనలేదు. ఈ మాట నేను మళ్లీ చెప్తాను, చెట్లు నరకొద్దనలేదు. రెండు నెలల గడువూ, కొన్ని చెట్లకి మినహాయింపూ అడిగాడు. కలపా దక్కాలి, పేమూ దక్కాలి అన్నదే ఆ ముసలాయన ప్రతిపాదన. పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో ‘బహుళ ప్రయోజన అటవీ నిర్వహణ’ అని సెమినార్లు పెట్టి చెప్పే సిద్ధాంతం, ఆయన నా బల్ల ముందు నిలబడి నాలుగు వాక్యాల్లో చెప్పాడు.

మేనేజరు “లెటర్ పెట్టమను” అన్నాడు. ఆయనకి రాయటం రాదు. ఆ సాయంత్రం నేనే రాసి, వేలిముద్ర వేయించి, ట్రేలో పెట్టాను. ఆ కాగితం ట్రేలోంచి ఎటూ కదల్లేదు. మూడో వారానికి కాంట్రాక్టరు మనుషులు కూపులోకి దిగారు. తర్వాత కొన్నాళ్లకి ఇంటికి నూట యాభై రింగిట్ల చొప్పున ‘సాగుహతి’ ఇమ్మని పైనుంచి ఆర్డరొచ్చింది. సాగుహతి అంటే నష్టపరిహారం కాదు, దయతో ఇచ్చే మొత్తం. ఓచరు రాయాల్సింది నేను. ఏ పద్దు కింద రాయాలి? రాయల్టీ కాదు, కూలి కాదు, రవాణా కాదు. చివరికి ‘చిల్లర ఖర్చులు’ అని రాశాను. ఆ పేజీలో దానికి పైన టీపొడి, కింద గోడగడియారం బ్యాటరీలు.

తోక్ బతిన్ ఆ ఓచరు మీద వేలిముద్ర వేశాడు. మా మిల్లు లెక్కల్లోకి ఎక్కిన ఆయన గుర్తు అదొక్కటే, డబ్బు ముట్టినట్టు. నరకటానికి ఒప్పుకున్నట్టు ఎక్కడా లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఆ గడి కూడా లేదు. నేను ఆ ఉద్యోగంలో ఇంకా ఎనిమిదేళ్లున్నాను. పిల్లల ఫీజులు కట్టాను. ఈ వ్యాసంలో నేను ఎవర్ని తిడుతున్నానో తెలియాలంటే మొదటి పేరు నాది వేసుకోండి.

ఆ రోజుల్లోనే జొహోర్ హైకోర్టు అదోంగ్ బిన్ కువావ్ కేసులో తీర్పిచ్చింది. లింగ్గియు డ్యాం కోసం 53,273 ఎకరాల అడవి తీసుకున్నందుకు 52 మంది జకున్లు వేసిన దావా అది. కోర్టు 2.65 కోట్ల రింగిట్ల పరిహారం చెల్లించమంది. అందులో పోయిన అడవి ఫలసాయానికీ, పోయిన భవిష్యత్ జీవనానికీ విడివిడిగా పద్దులున్నాయి. భూమి మీద పూర్తి హక్కు ఉందనకపోయినా, భూమి ఇచ్చే దాని మీద బతికే హక్కు ఉందని కోర్టు అంది. తర్వాత 2002లో సాగోంగ్ తాసి కేసు ఇంకొక అడుగు వేసి భూమి మీదే హక్కుందని చెప్పింది, 2005లో అప్పీలు కోర్టు సమర్థించింది. నేను టీపొడికీ బ్యాటరీలకీ మధ్య రాసినదాన్ని ఒక జడ్జిగారు కోట్లలో రాశారు. అడవి మారలేదు, పేమూ మారలేదు. మారింది పద్దు ఒక్కటే.

ఇప్పుడు డిపో ఆయనకి జవాబు చెప్పాలి. చిల్లర సరుకుతో ప్రభుత్వాలు నడుస్తాయా అన్నారు. 1989లో పీటర్స్, జెంట్రీ, మెండెల్సన్ అనే ముగ్గురు పెరూలో ఒక హెక్టారు అడవి లెక్క కట్టి నేచర్ పత్రికలో వేశారు. పళ్లూ రబ్బరుపాలూ ఏటా తీసుకుంటూ, కలప కొద్దికొద్దిగా ఎంచి నరికితే ఆ హెక్టారు నేటి విలువ 6,820 డాలర్లు. ఉన్న కలపంతా ఒక్కసారి నరికితే 1,000 డాలర్లు. అడవి ప్రేమికులు ఈ అంకెని జెండాలా మోశారు. నేను మోయను. అది పట్నానికి దగ్గర్లోని ఒక్క హెక్టారు. అన్ని హెక్టార్ల పళ్లూ ఒకే బజారుకి వస్తే ధర నిలవదు. 2000లో అదే పత్రికలో హోండురాస్ గ్రామాల లెక్క వచ్చింది. అక్కడ జనం నిజంగా తెచ్చుకున్నదీ అమ్ముకున్నదీ తూచి చూస్తే హెక్టారుకి ఏటా 18 నుంచి 24 డాలర్లే. డిపో ఆయన ఈ అంకె చూస్తే మళ్లీ నవ్వుతారు.

నవ్వే ముందు ఒక ప్రశ్న. ఆ ఇరవై డాలర్లు ఎవరి చేతికి వస్తాయి? కలప వెయ్యి డాలర్లు ఎవరి చేతికి పోతాయి? హెక్టారుకి విలువ కట్టటం సరే, ఆ విలువ ఎవరి కంచంలో పడుతుందో కూడా కట్టాలి కదా! మా మిల్లు ఒక కూపు మీద రాష్ట్రానికి కట్టిన రాయల్టీ పక్కన, ఆ ఊరి చేతికొచ్చిన సాగుహతిని నేను కళ్లారా చూశాను. కలప పెద్ద సరుకు అనటంలో అబద్ధం లేదు. ఎవరికి పెద్ద అన్నది చెప్పకపోవటంలో ఉంది అబద్ధం.

ఇక తాళం వెయ్యమన్న బంధువుకి. భారతదేశంలో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదం పొందిన వర్కింగ్ ప్లాన్ లేకుండా అడవుల్లో చెట్టు కొట్టకూడదంది. మంచిదే. కానీ మన ఇళ్లకి గుమ్మాలు అక్కర్లేదని ఎవరూ అనలేదు. తర్వాతి ఏళ్లలో కలప దిగుమతులు పెరిగాయి. సరవాక్ దుంగల్ని ఎక్కువగా కొన్న దేశాల్లో ఇండియా ఒకటి. మన అడవికి వేసిన తాళం చెవి ఇంకొకరి అడవి తలుపు తీసింది. ఆయన ఆనుకుని నిలబడిన గుమ్మమే దానికి సాక్ష్యం.

అలాగని కలప తప్ప మిగతాదంతా అమాయకమైన సరుకేమీ కాదు. గట్టపర్చా అని ఒక చెట్టుపాలు ఉండేది. 1851లో ఇంగ్లీషు చానల్ కిందా, 1858లో అట్లాంటిక్ కిందా వేసిన టెలిగ్రాఫ్ తీగలకి అదే తొడుగు. గాటు పెడితే పాలు సరిగా కారవని చెట్లనే పడగొట్టి తీశారు. మలయా అడవుల్లో ఆ చెట్టు కరువైపోయింది. అగరు చెట్టుదీ అదే కథ. జబ్బు చేసిన చెట్టులోనే అగరు పడుతుంది. గుర్తులు తెలిసినవాడు చూసి కోస్తాడు, బయటినుంచి వచ్చినవాడు కనపడ్డ చెట్టల్లా నరికి లోపల చూస్తాడు. 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నాయి. మన ఏజెన్సీలో తపసి జిగురు సంగతి చూడండి. గాటు లోతుగా పడితే చెట్టే చచ్చిపోతుంది. అందుకనే పైపైన సన్నగా గాటు పెట్టే పద్ధతి నేర్పాల్సి వచ్చింది. కాబట్టి జిగురుకీ పేముకీ కూడా లెక్కా కట్టుబాటూ కావాల్సిందే. కలపకి ముప్ఫై ఏళ్ల గడువున్నట్టే మనావ్ పేముకీ ఒక గడువుండాలి. ఆ కట్టుబాటు ఎవరు పెడతారు, ఎవరు కాపలా కాస్తారు అన్నదే అసలు తగాదా.

రెండూ కలిపి నడపటం కుదరని పని అంటారా? గ్వాటెమాలాలో పెతేన్ అనే ప్రాంతముంది. అక్కడి మాయా రిజర్వు 1990లో ఏర్పడింది. 1994 నుంచి అందులో కొన్ని భాగాల్ని పాతికేళ్ల ఒప్పందాల మీద ఊళ్లకే అప్పగించారు. ఆ ఊళ్లవాళ్లు మహాగని ఎంచి నరుకుతారు. దాంతోపాటే పూలగుత్తుల్లో పెట్టే శాతె అనే చిన్న తాటిజాతి ఆకు కోస్తారు, చికిలే తీస్తారు. చికిలే అంటే ఒకప్పటి చూయింగ్ గమ్‌కి మూలమైన పాలు. ఏ చెట్టుదనుకున్నారు? మన సపోటా చెట్టుదే! శాతె ఆకుకి మొదట్లో కోసిన ఆకుల లెక్కన కూలి ఇచ్చేవాళ్లు కాబట్టి చెత్తాకు కూడా కోసేవాళ్లు. వ్యాపారం ఊరి చేతికి వచ్చాక మంచి ఆకుకే కూలి అన్నారు, వృథా తగ్గింది. అన్ని ఒప్పందాలూ నిలబడలేదు. పశువుల మేతకి భూములు పోయిన చోట కొన్ని రద్దయ్యాయి. కానీ ఊళ్లు నిలబడి నడిపిన చోట అడవి నరుకుడు, తాళం వేసిన జాతీయ పార్కుల్లో కంటే తక్కువగా ఉంది. కార్మెలీటా అనే ఊరి ఒప్పందాన్ని 2019లో మరో పాతికేళ్లు పొడిగించారు.

మన దగ్గరా ఒక ఉదాహరణ ఉంది. 1927 నాటి అటవీ చట్టం వెదురుని చెట్ల లెక్కలో వేసింది. అంటే వెదురు కోయటానికి కలపకి ఉన్న ఆంక్షలే. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అదే వెదురుని చిన్నతరహా ఉత్పత్తి అని, అడవిలో బతికేవాళ్ల సొత్తు అని చెప్పింది. చెప్పినంత మాత్రాన రాలేదు. రవాణా పర్మిట్ పుస్తకం అటవీశాఖ బీరువాలోనే ఉండిపోయింది. 2011 ఏప్రిల్లో మహారాష్ట్రలోని మేంఢా లేఖా గ్రామసభ ఆ పుస్తకాన్ని చేతికి తీసుకుంది. పుస్తకం చేతికొచ్చిన రోజునే హక్కు చేతికొచ్చినట్టు లెక్క.

నేనడిగేది ఇంతే. కూపు ప్లాను మీద మూడో సంతకం ఉండాలి. అధికారిది ఒకటి, కాంట్రాక్టరుది ఒకటి, ఆ అడవిలో పేమూ తేనే జిగురూ తీసుకునే ఊరిది ఒకటి. తీగలు కొట్టే ముందు ఒక కాలం ఆ ఊరివాళ్లకి వదలాలి. ఏ తీగ కొట్టొచ్చో, ఏది కొట్టకూడదో వాళ్లే గుర్తు పెట్టాలి. రెండు గిరాకీలున్న చెట్టుకి రంగు వెయ్యటానికి ముందు జిగురు తీసే మనిషిని అడగాలి. నేడు కలపకి సర్టిఫికెట్లు వచ్చాయి, వాటిలో ‘స్థానికులని సంప్రదించాం’ అన్న మాట ఉంటుంది. సంప్రదించటమంటే ఏమిటో నాకు తెలుసు. మా ఆఫీసు ట్రేలో ఉండిపోయిన ఆ కాగితం కూడా ఒక విధంగా సంప్రదింపే. సంప్రదింపు వేరు, సంతకం వేరు. సంతకం పెట్టగలిగినవాడు పెట్టననగలడు. ఆ అవకాశం లేనంతకాలం కలపా, కలపేతర ఫలసాయం రెండూ కలిపి నిర్వహిస్తున్నాం అనే మాట, కలపని నిర్వహించి మిగిలినదానికి ఓచరు రాయటమే.

ఇది రాసి మా అన్నయ్య కొడుక్కి చదివి వినిపించాను. ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. “అయితే ఇప్పుడు గుమ్మం పీకెయ్యమంటావా బాబాయ్?” అన్నాడు.

“వద్దురా. లక్ష్మీదేవిలా ఉంది, ఉండనీ. ఈసారి కిటికీలకి కొనేటప్పుడు డిపో ఆయన్ని ఒక్క మాట అడుగు. ఈ చెట్టుని పట్టుకుని పాకిన తీగ ఎవరిదండీ, వాళ్లు ఒప్పుకున్నారా అని.”

“ఆయన నవ్వుతాడు బాబాయ్.”

“నవ్వనీ. నేనూ ఎనిమిదేళ్లు నవ్వకుండా ఓచర్లు రాశాను. నువ్వు అడుగు.”